కరెంటు పోయినప్పుడు కూడా పనిచేసే సోలార్: అనంతపురం జిల్లాలో ఒక పంచాయతీకి వేసిన ప్లాన్

ఉరవకొండకూ కళ్యాణదుర్గానికీ మధ్య ఉన్న ఒక చిన్న పంచాయతీకి మేం చేసిన ఎనర్జీ ప్లాన్ గురించి రాస్తున్నా. ఊరి పేరు రాయట్లేదు. సర్పంచ్ గారికి అభ్యంతరం లేదు కానీ ఇందులో ఊళ్ళో వాళ్ళ మధ్య జరిగిన మాటలు కొన్ని ఉన్నాయి, అవి బయట తిరగడం నాకే బాగుండదనిపించింది. 280 గడపలు, 1,100 మంది జనం. వేరుశనగ, కంది, నీళ్ళున్న వాళ్ళకు చీనీ తోటలు, మిగతాదంతా గొర్రెలు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో, అది కూడా పడని సంవత్సరాలు చాలా చూసిన ఊరు.

ఊరి పడమటి గుట్ట మీద గాలిమరలు వరసగా నిలబడి ఉంటాయి. ఎండాకాలం సాయంత్రం గాలివాన వస్తే ఊళ్ళో కరెంటు పోతుంది, గాలిమరలు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. ఈ ఊళ్ళో కొత్తవాళ్ళు ఎవరు కనిపించినా మొదట అడిగేది దాని గురించే. సమాధానం సులువే: ఆ మరల కరెంటు వేరే లైన్లలో పోయి పెద్ద సబ్‌స్టేషన్‌లో కలిసి రాష్ట్ర గ్రిడ్‌లోకి వెళ్తుంది, ఊరికి వచ్చేది మాత్రం మండల సబ్‌స్టేషన్ నుంచి పొలాల మీదుగా సాగిసాగి వచ్చే 11 కేవీ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్ళకు కరెంటు తెచ్చే లైన్) చిట్టచివరి కొస. మధ్యలో ఎక్కడ ఒక స్తంభం ఒరిగినా ఈ ఊరికి చీకటే. కర్నూలు దగ్గర గని, శకునాల ఊళ్ళ పొలాల్లో 2017 నుంచి 1000 మెగావాట్ల సోలార్ పార్కు నడుస్తోంది, ఎన్పీ కుంటలో ఇంకోటి ఉంది, రామగిరి గుట్టల మీద 1990ల్లోనే గాలిమరలు వచ్చాయి. రాయలసీమలో కరెంటు పుట్టదనడానికి లేదు. పుట్టిన కరెంటు మన ఊళ్ళో ఆగుతుందా అన్నది వేరే ప్రశ్న, దాని గురించి ఎవరూ మాట్లాడరు.

పంచాయతీ వాళ్ళు మమ్మల్ని పిలిచేటప్పటికే వాళ్ళ చేతిలో ఒక కొటేషన్ ఉంది. సచివాలయం, బడి, రైతు భరోసా కేంద్రం (ఇప్పటి రైతు సేవా కేంద్రం), ఈ మూడు మిద్దెల మీద కలిపి 20 కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ సోలార్, అంటే కరెంటు లైన్‌కు కలిపి నడిచేది. పంచాయతీ కరెంటు బిల్లు బకాయి కొండలా పేరుకుపోయింది కాబట్టి బిల్లు తగ్గుతుందంటే ఎవరికైనా ఆశే. కొటేషన్‌లో పెద్ద తప్పేం లేదు, ధర కూడా మరీ ఎక్కువేం కాదు. మమ్మల్ని పిలిచింది అది సరిగ్గా ఉందా లేదా చూసి సంతకం పెట్టమని.

మీటింగ్‌లో పొదుపు సంఘం లీడర్ ఒకామె లేచి అడిగింది: "సారూ, మొన్న గాలివానకు రెండు దినాలు కరెంటు లేకపోయె. ఈ పలకలు అప్పుడు ఉండింటే మాకు నీళ్ళు వచ్చేటివా?"

వచ్చేవి కావు. ఈ మాట చెప్పగానే మీటింగ్ మూడ్ మారిపోయింది. సోలార్ అంటే కరెంటు లేనప్పుడు కూడా వెలిగేదని చాలామంది అనుకుంటారు, ఊళ్ళలోనే కాదు, అపార్ట్‌మెంట్లలో కూడా. ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ అలా పనిచేయదు. లైన్‌లో కరెంటు ఆగిన క్షణంలో అది కూడా ఆగిపోవాలి, అలాగే తయారు చేస్తారు. దీన్ని యాంటీ ఐలాండింగ్ అంటారు. లేకపోతే లైన్ చచ్చిందనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మన మిద్దె మీద నుంచి పోయిన కరెంటు తగులుతుంది. కాబట్టి అది లోపం కాదు, ఉండి తీరాల్సిందే. కాకపోతే నడి మధ్యాహ్నం ఎండ మండుతుండగా 20 కిలోవాట్ల పలకలు ఊరికే పడి ఉండి కింద సచివాలయంలో ఫ్యాన్ తిరగని పరిస్థితి వస్తుంది. బిల్లు తగ్గించే సోలార్ వేరు, ఆపదలో నిలబెట్టే సోలార్ వేరు. రెంటినీ ఒకటే అనుకుని డబ్బు పెడితే రెండోది ఎప్పటికీ రాదు, ఎందుకంటే "మా ఊళ్ళో సోలార్ వచ్చేసింది కదా" అని తర్వాత ఎవరూ పైసా ఇవ్వరు.

ముందు చూసింది లాగ్‌బుక్

ఎన్ని కిలోవాట్లు అన్నది పక్కన పెట్టి, కరెంటు ఎప్పుడు పోతోంది, ఎంతసేపు పోతోంది అన్నది మొదలుపెట్టాం. దీనికి సర్వేలు అక్కర్లేదు. ప్రతి సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్ రాసే లాగ్‌బుక్ ఉంటుంది, ఏ ఫీడర్ ఎన్ని గంటలకు ట్రిప్ అయింది, ఎన్ని గంటలకు చార్జ్ చేశారు, అంటే మళ్ళీ కరెంటు వదిలారు, అంతా పెన్నుతో రాసి ఉంటుంది. టీ తాగుతూ అడిగితే చూపిస్తారు, లెటర్ పెట్టి అడిగితే మాత్రం పై ఆఫీసుకు పోతుంది. ఎనర్జీ ప్లాన్ వేసే చాలామంది ఈ పుస్తకం వైపే చూడరు, ఉపగ్రహం లెక్కల నుంచి ఎండ ఎంతో తీసుకుని ప్రోగ్రాంలో వేసేస్తారు. ఎండ ఎంతన్నది అనంతపురంలో ఎవడైనా చెప్తాడు.

లాగ్‌బుక్‌లో తేలింది ఇది. పది నిమిషాలు, అరగంట పోయేవి ఏడాదంతా ఉన్నాయి, వాటిని ఊరు పట్టించుకోదు. ఒక పూట దాటి పోయేవి రెండు కాలాల్లోనే గుంపుగా ఉన్నాయి. ఒకటి ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట వచ్చే గాలివానలు. రెండోది సెప్టెంబరు, అక్టోబరు ముసురు వానలు. ఈ రెండూ ఒకటి కాదు, ప్లాన్ మొత్తం ఈ తేడా మీదే నిలబడింది. మేలో గాలివాన గంటసేపు కొట్టి పోతుంది, స్తంభాలు పడతాయి, మర్నాడు పొద్దున ఏడు గంటలకల్లా ఎండ చురచుర కాలుతుంటుంది. అంటే కరెంటు లేని ఆ రెండు రోజులూ సోలార్‌కు పండగే. అక్టోబరు ముసురులో అలా కాదు, మబ్బు పట్టిన రోజు పలకల మీద వచ్చేది మామూలు రోజులో పావు వంతు కూడా ఉండకపోవచ్చు. దానికి బ్యాటరీ పెంచుకుంటూ పోతే ఖర్చు అందదు. కానీ ముసురుకు ఒక మంచి గుణం ఉంది, చెప్పి వస్తుంది. వాతావరణ శాఖ ఎల్లో అలర్టో ఆరెంజ్ అలర్టో ముందే ఇస్తుంది. చెప్పకుండా వచ్చేదానికి పలకలు, చెప్పి వచ్చేదానికి ముందురోజే నింపుకున్న ట్యాంకు. ఇలా విడదీసుకున్నాక లెక్కలు చిన్నవయ్యాయి.

ఇక ఊళ్ళో దేనికి కరెంటు కావాలి అన్నదానికి మగవాళ్ళ మీటింగ్‌లో వచ్చిన జాబితా, ఆడవాళ్ళ మీటింగ్‌లో వచ్చిన జాబితా పూర్తిగా వేరు. మగవాళ్ళ వైపు మొదట వీధి లైట్లు, తర్వాత సెల్‌ఫోన్లు, తర్వాత పిండిమర. ఆడవాళ్ళు నీళ్ళ దగ్గర మొదలుపెట్టి నీళ్ళ దగ్గరే ఆగారు. మొన్నటి గాలివానప్పుడు కిలోమీటరు దూరంలో చీనీ తోట బోరుకు పెట్టిన డీజిల్ ఇంజన్ దగ్గరికి బిందెలతో పోయిన వాళ్ళు వాళ్ళే. ఏఎన్ఎం విడిగా పిలిచి ఇంకో మాట చెప్పింది: ఊళ్ళో ఇన్సులిన్ వాడే వాళ్ళున్నారు, ఫ్రిజ్ లేని ఇళ్ళ వాళ్ళు పక్కింట్లో పెట్టుకుంటారు, మే నెల ఎండలో రెండు రోజులు ఫ్రిజ్ ఆగితే ఆ మందు వాడొచ్చా లేదా అని అడిగితే తన దగ్గర సమాధానం ఉండదు. చాలా ప్లాన్లలో ఆరోగ్య ఉపకేంద్రం పేరు రాగానే టీకాల ఫ్రిజ్ అని రాసేస్తారు. టీకాల కోల్డ్ చైన్ పరికరాలు పీహెచ్‌సీలో ఉంటాయి, ఉపకేంద్రానికి టీకాలు ఐస్‌ప్యాకుల క్యారియర్‌లో ఆ రోజుకు వచ్చి సాయంత్రం వెనక్కి పోతాయి. ఇక్కడ అవసరం ఇన్సులిన్‌ది, నెబ్యులైజర్‌ది, రాత్రిపూట ఎవరికైనా కాన్పు నొప్పులొస్తే 108 వచ్చేదాకా ఒక గదిలో లైటూ ఫ్యానూ.

నీళ్ళు

ఎక్కువ పని ఇక్కడే జరిగింది కాబట్టి కొంచెం వివరంగా రాస్తా.

ఊరి మంచినీళ్ళ బోరుకు 7.5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు. నీళ్ళు లేచే ఎత్తు, ట్యాంకు ఎత్తు, పైపులో పోయేది అంతా కలిపితే దగ్గర దగ్గర 100 మీటర్లు. ఓవర్‌హెడ్ ట్యాంకు 40,000 లీటర్లు. ఈ నీళ్ళను ఆ ఎత్తుకు ఎత్తడానికి కచ్చితంగా కావాల్సిన శక్తి 11 యూనిట్లు. మోటారు, పంపు కలిపి 40 శాతం సామర్థ్యంతో నడుస్తాయనుకుంటే 27 యూనిట్లు. పాత మోటారైతే అంతకన్నా ఎక్కువే తింటుంది. అంటే ఒక ఎండ రోజులో ఏడెనిమిది కిలోవాట్ల పలకలు ఈ ట్యాంకును నింపేస్తాయి. నిండిన ట్యాంకు 1,100 మందికి మనిషికి 36 లీటర్లు. జల్ జీవన్ మిషన్ చెప్పే 55 లీటర్లకు తక్కువే, కానీ ఆపదలో తాగడానికి, వంటకు, కాస్త శుభ్రానికి మనిషికి 15 లీటర్లు చాలనే లెక్కన రెండు రోజుల పైచిలుకు. ఓవర్‌హెడ్ ట్యాంకే మా పెద్ద బ్యాటరీ. దానికి డిస్టిల్డ్ వాటర్ అక్కర్లేదు, ఐదేళ్ళకోసారి మార్చక్కర్లేదు, ఎవరూ ఎత్తుకుపోరు.

ఇన్వర్టరూ బ్యాటరీ పెట్టి ఈ మోటారు నడుపుదామని మొదట ఒక సూచన వచ్చింది. వద్దన్నాం. నేరుగా స్టార్ట్ చేస్తే ఇలాంటి మోటారు మొదటి క్షణాల్లో మామూలు కరెంటుకు ఆరేడు రెట్లు లాగుతుంది, దానికి సరిపడా ఇన్వర్టర్ కొనాలంటే తడిసి మోపెడవుతుంది. దానికి బదులు సోలార్ పంపు కంట్రోలర్, అంటే వీఎఫ్‌డీ. అది మోటారును నెమ్మదిగా తిప్పడం మొదలుపెట్టి, ఎండ ఎంతుంటే అంత వేగంగా తిప్పుతుంది. మబ్బు వస్తే వేగం తగ్గుతుంది, ఎండ వస్తే పెరుగుతుంది. బ్యాటరీ లేదు, పాత మోటారు మార్చక్కర్లేదు.

ఇందులో ఒక చిక్కు ఉంది. 415 వోల్టుల మోటారు పూర్తి వేగానికి దగ్గరగా తిరగాలంటే కంట్రోలర్‌కు వచ్చే డీసీ దాదాపు 540 వోల్టులు ఉండాలి. 550 వాట్ల పలక కాగితం మీద సుమారు 41.5 వోల్టులిస్తుంది, 14 పలకలు వరసగా కలిపితే 580, బాగుంది కదా అని సప్లయర్లు 14 రాసేస్తారు. కానీ ఆ లెక్క పలక వేడి 25 డిగ్రీలున్నప్పటిది. మే మధ్యాహ్నం మన దగ్గర పలక వేడి 65 డిగ్రీలు దాటుతుంది, డిగ్రీకి దాదాపు మూడో వంతు శాతం చొప్పున వోల్టేజీ పడిపోతుంది. 580 కాస్తా 500 అవుతుంది. అంటే జనానికి నీళ్ళు ఎక్కువ కావాల్సిన నెలలో, ఎక్కువ ఎండ ఉన్న గంటలో, మోటారు నీరసంగా తిరుగుతుంది. లోతు బోర్లలో వేగం కాస్త తగ్గినా నీళ్ళు పైదాకా రావు. అందుకని 15 పలకలు పెట్టాం. వేడిలో కూడా 535 దాకా ఉంటుంది. అలా అని 16 పెట్టలేం, మోటారు ఆడనప్పుడు పలక వోల్టేజీ 50 దాకా పోతుంది, డిసెంబరు తెల్లవారుజామున ఇంకొంచెం పెరుగుతుంది, మా కంట్రోలర్ తట్టుకునేది 800. 15 పలకలతో చలిలో 770, దాని లోపలే. మొత్తం 8.25 కిలోవాట్లు. ఏ కంట్రోలర్ కొంటున్నామో దాని షీట్ చూసి ఈ లెక్క చేసుకోవాలి, పక్క ఊరి లెక్క తెచ్చుకుంటే కుదరదు.

గ్రిడ్ కరెంటుకూ సోలార్‌కూ మధ్య చేత్తో తిప్పే చేంజోవర్ స్విచ్ పెట్టించాం, రెండూ ఒకేసారి కలిసే వీలే లేనిది. ఆటోమేటిక్ పెట్టొచ్చు కదా అన్నారు. రిపేరు వస్తే అనంతపురం నుంచి మనిషి రావాల్సిన వస్తువు ఏదైనా ఆపదలో ఉన్నా లేనట్టే అన్నది నా అభిప్రాయం. మామూలు రోజుల్లో కూడా పగలు సోలార్ మీదే నడుపుతారు, అందువల్ల బిల్లు తగ్గుతుంది, పైగా ఆపద రోజున స్విచ్ ఎటు తిప్పాలో వెతుక్కోవాల్సిన పని ఉండదు. బోరులో నీళ్ళు అడుగంటితే మోటారు ఆగిపోయే డ్రై రన్ రక్షణ తప్పనిసరి, మా జిల్లాలో అది లేకుండా పంపు పెట్టడం అంటే మోటారు కాల్చుకోవడమే.

బ్యాటరీ మీద ఏముండాలి అన్న గొడవ

సచివాలయం, ఉపకేంద్రం, ఆర్వో ప్లాంటు పక్కపక్కనే ఉన్నాయి, అదృష్టం. మూడింటికీ కలిపి సచివాలయం మిద్దె మీద 5 కిలోవాట్ల పలకలు, లైన్‌లో కరెంటు పోయినా బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్, 10 యూనిట్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. అందులో నిక్కచ్చిగా వాడుకోగలిగేది 8 యూనిట్లు. లెక్క ఇలా వచ్చింది: ఇన్సులిన్ ఫ్రిజ్‌కు రోజుకు ఒక యూనిట్, లైట్లకు అర, తక్కువ కరెంటు తినే నాలుగు బీఎల్‌డీసీ ఫ్యాన్లకు ఒకటిన్నర, నెట్ రూటర్, కంప్యూటరుకు అర, 150 సెల్‌ఫోన్లు చార్జ్ చేయడానికి దగ్గర దగ్గర నాలుగు. ఫోన్లు అన్నిటికన్నా ఎక్కువ. అందుకే ఫోన్ల చార్జింగ్ పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు వరకే, ఎండ కరెంటు మీదే. రాత్రికి మూడు యూనిట్లే మిగిలాయి, ముసురులో కూడా బ్యాటరీ రెండు రాత్రులు లాగుతుంది.

సర్పంచ్ గారికి వీధి లైట్లు కావాలి. ఆయన తప్పేం లేదు, ఊరు చీకటిగా ఉంటే తిట్టేది ఆయన్నే. లెక్క బోర్డు మీద రాశాం: 60 లైట్లు, ఒక్కోటి 20 వాట్లు, 11 గంటలు, మొత్తం 13 యూనిట్లు. మొత్తం బ్యాటరీ ఒక్క రాత్రికి కూడా చాలదు. ఊరంతా సోలార్ వీధి దీపాలు వేరుగా పెట్టిద్దామన్నారు, పాతవి ఎన్ని వెలుగుతున్నాయో ఒకసారి చూద్దాం రండి అన్నాను. బ్యాటరీ చచ్చిపోయి పలక మాత్రం ఆకాశం చూస్తున్న స్తంభాలు ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి, ఈ ఊళ్ళో కూడా ఉన్నాయి. చివరికి ఆరు లైట్లకు ఒప్పందం కుదిరింది: ఉపకేంద్రం ముందు, ట్యాంకు దగ్గర, బస్సు ఆగే చోట, కాలనీ మలుపులో రెండు, ఆడవాళ్ళు బయటికి వెళ్ళే దారిలో ఒకటి. ఈ చివరిదాన్ని మీటింగ్‌లో పైకి ఎవరూ అనలేదు, తర్వాత చీటీ మీద రాసి పంపారు.

ఆర్వో ప్లాంటు గురించి నాకూ ఊరికీ పడలేదు. ఇక్కడ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటి ఉంటుంది, అందుకే ఆర్వో. కానీ ఫ్లోరైడ్ చెరుపు ఏళ్ళ తరబడి తాగితే వచ్చేది, మూడు రోజుల ఆపదలో దానికన్నా ముందు చూసుకోవాల్సింది క్లోరినేషన్. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ మూడు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ఆర్వోను ఎమర్జెన్సీ జాబితాలోంచి తీసేద్దామన్నాను. "ఆ ఉప్పునీళ్ళు నోట పెట్టేదెట్లప్పా? నువ్వు ఒక దినం తాగి చూపించు" అని ఒక పెద్దాయన అన్నాడు. తాగాను, ఆయన మాటే నిజం. గంటకు 500 లీటర్ల ప్లాంటు నడి మధ్యాహ్నం నాలుగు గంటలు నడిపితే 2,000 లీటర్లు, తాగడానికి మనిషికి రెండు లీటర్లకు కొంచెం తక్కువ. ఎండ ఉంటేనే నడుస్తుంది, బ్యాటరీ మీద నడవదు. అందులో ఉన్న రెండు మోటార్లను ఒకదాని తర్వాత ఒకటి స్టార్ట్ చేయాలని గోడ మీద పెయింట్‌తో రాయించాం.

బ్యాటరీ లిథియంది ఎందుకంటే, అంతే పనికి 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు తొమ్మిది కావాలి, సగం కన్నా ఎక్కువ వాడితే వాటి ఆయుష్షు పోతుంది, డిస్టిల్డ్ వాటర్ పోసే మనిషి ఊళ్ళో మొదటి ఏడాదే ఉంటాడు. పైగా వేడి. లెడ్ యాసిడ్ బ్యాటరీ 25 డిగ్రీల మీద ప్రతి పది డిగ్రీలకు సగం ఆయుష్షు పోగొట్టుకుంటుంది, మన రేకుల షెడ్డులో మేలో ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు. లిథియందైనా సరే, మిద్దె కింద ఉత్తరం వైపు గది, ఎదురెదురు కిటికీలు. ఇక్కడ వరద భయం లేదు కాబట్టి కింది అంతస్తు సరిపోయింది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీద పడ్డప్పుడు, 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు కింది ఊళ్ళు మునిగినప్పుడు కింది గదిలో ఏముందో అదంతా పోయింది. నది పక్క ఊరికి ఇదే ప్లాన్ వేసేవాళ్ళు మొదట మార్చాల్సింది ఈ గదినే.

వద్దనుకున్నవి

గాలి. గుట్ట మీద అంత గాలి ఉంటే మా మిద్దె మీద చిన్న ఫ్యాను పెట్టుకోలేమా అని కుర్రాళ్ళు అడిగారు. గాలి వేగం రెట్టింపైతే కరెంటు ఎనిమిది రెట్లవుతుంది, సగమైతే ఎనిమిదో వంతుకు పడిపోతుంది. గుట్ట మీద అంత ఎత్తు స్తంభానికి తగిలే గాలి వేరు, ఇళ్ళ మధ్య, చెట్ల మధ్య పది మీటర్ల ఎత్తులో తగిలేది వేరు. జూన్ నుంచి ఆగస్టు దాకా బాగా తిరుగుతుంది, మాకు ఆపద వచ్చే అక్టోబరుకు గాలి పడిపోతుంది. బేరింగు పోతే చేసేవాడు ఉండడు. వద్దు.

గోబర్ గ్యాస్ గురించి నాకు ఆశ ఉండేది, బడి వంటకు వాడొచ్చని. రెండు ఘనపు మీటర్ల దీనబంధు ప్లాంటుకు రోజుకు 50 కిలోల పేడ కావాలి, అంటే కొట్టంలో కట్టేసిన పశువులు ఐదు. ఈ ఊళ్ళో ఉన్నది గొర్రెలు. రాత్రి ఎవరి చేనులో మంద కడితే ఎరువు అక్కడే పడుతుంది, దానికి రైతు డబ్బులో గింజలో ఇస్తాడు, అది కాపరుల రాబడి. ఊళ్ళోకి పేడే రాదు. పాడి ఆవులున్న కొద్ది ఇళ్ళకు విడిగా చెప్పి వదిలేశాం.

ఇళ్ళ మీద సోలార్‌కు 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. కావాలనుకున్న వాళ్ళకు ఫారాలు నింపించాం, కరెంటు పోతే అది కూడా ఆగుతుందని మళ్ళీ చెప్పాం. ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకు నెలకు 200 యూనిట్ల దాకా ఉచితం కాబట్టి వాళ్ళు బిల్లు కోసం అప్పు చేసి పెట్టుకోవడంలో అర్థం లేదు. పంచాయతీ డబ్బు సంగతికి వస్తే, 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం మంచినీళ్ళకూ పారిశుద్ధ్యానికీ ముడిపెట్టి ఇచ్చారు. సోలార్ పంపును "సోలార్" అని కాకుండా "మంచినీటి పథకం" పనిగా ప్రతిపాదిస్తే ఆ పద్దులో ఇమిడింది. 20 కిలోవాట్ల కొటేషన్ ఏమైందంటే, బడి మిద్దె మీద 5 కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ ఉంచి మిగతాది ఆపారు. సప్లయర్‌కు కోపం వచ్చింది.

కరెంటు తీసేసి చూసిన రోజు

పని అయ్యాక, ప్రారంభోత్సవానికి ముందే, విద్యుత్ శాఖ వాళ్ళ అనుమతితో ఊరి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏబీ స్విచ్ (స్తంభం మీద లైన్‌ను తెంచే స్విచ్) దించి ఒక రోజంతా ఊరిని చీకట్లో పెట్టాం. దండోరా వేయించాం, అయినా ఆ రోజు తిట్లు నేనే తిన్నాను.

పంపు బాగానే నడిచింది. పొద్దున ఎనిమిది దాటాక నీళ్ళు పడటం మొదలై, మధ్యాహ్నానికి ట్యాంకు సగం దాటింది. ఊరికి నీళ్ళు వదిలే నీరుగంటి వాల్వు తిప్పాడు. దిగువ వీధుల్లో కుళాయిలు దబదబా పోస్తున్నాయి, ఎస్సీ కాలనీలో చుక్క రాలేదు. కాలనీ మిట్ట మీద ఉంటుంది, పైపు చివర. మామూలు రోజుల్లో మోటారు ఆడుతుండగానే వదులుతారు కాబట్టి ఎంతోకొంత ఒత్తిడి ఉండి సన్నగా అయినా వస్తాయి. ట్యాంకులో ఉన్నది మాత్రమే వదిలితే, కింది ఇళ్ళ వాళ్ళు బిందెలు, డ్రమ్ములు, తొట్లు నింపుకునే లోపల కాలనీకి మిగిలేది ఏమీ లేదు. ఒకామె కుళాయి తిప్పి పెట్టి, కింద ఖాళీ ప్లాస్టిక్ బిందె పెట్టుకుని, అరుగు మీద కూర్చుని మమ్మల్నే చూస్తోంది. పైపు లోపల నుంచి గాలి బుస్సుమని వస్తోంది, అంతే. కిలోవాట్ల లెక్కలు ఎంత సరిగ్గా వేసినా ఇది కాగితం మీద కనపడేది కాదు.

ఆ సాయంత్రమే నీరుగంటితో, వార్డు మెంబర్లతో కూర్చుని తేల్చాం. కరెంటు లేని రోజుల్లో మొదటి గంట దిగువ వాల్వులన్నీ కట్టేసి కాలనీకే నీళ్ళు, తర్వాతే మిగతా ఊరు. దిగువ వీధి మెంబరు ఒకాయన ఊరుకోలేదు, "ఇన్ని దినాలూ లేనిది ఇప్పుడేంది" అన్నాడు. ఇన్ని దినాలూ లేదు కాబట్టే అని కాలనీ మెంబరు అన్నాడు. రికార్డు పుస్తకంలో తీర్మానంగా రాయించి సంతకాలు తీసుకున్నాం, మాట మీద వదిలేస్తే నిలవదని అక్కడ అందరికీ తెలుసు.

రెండో సంగతి నవ్వొచ్చేది. రాత్రి ఎనిమిదికి సచివాలయం ఇన్వర్టర్ ట్రిప్ అయింది. వెళ్ళి చూస్తే ఎవరో ఫోన్ చార్జింగ్ ప్లగ్గుకు ఇస్త్రీ పెట్టె తగిలించారు, మర్నాడు పెళ్ళి ఉందట. చార్జింగ్‌కు విడిగా బోర్డు చేయించి, పెద్ద ప్లగ్గు పట్టని యూఎస్‌బీ రంధ్రాలు మాత్రమే ఉంచాం. ఉపకేంద్రం ఫ్రిజ్‌కు వేరే ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతట అదే పడిపోయే స్విచ్), ఎర్ర పెయింట్, అది కింద పడితే ముందు దాన్నే ఎత్తాలి.

నడిపే సంగతులు కొన్ని. మా నేల రాతినేల, ఎండాకాలం ఎర్త్ గుంత ఎండిపోయి రెసిస్టెన్స్ పెరుగుతుంది, పిడుగుల కాలం కూడా అదే. మార్చి నుంచి వారానికోసారి గుంతలో బిందెడు నీళ్ళు పోయడం నీరుగంటి డ్యూటీలో చేర్చాం. పలకలు కడగడానికి ఆర్వో వదిలేసే నీళ్ళు వాడదామని ఒకరన్నారు, వృథా పోకుండా. అవి బోరు నీళ్ళ కన్నా ఉప్పు నీళ్ళు, రెండు నెలల్లో పలక మీద తెల్లటి పొర కడతాయి. తెల్లవారుజామున, పలకలు చల్లగా ఉన్నప్పుడు, ఆర్వో మంచినీళ్ళు ఒక బకెట్, మెత్తటి గుడ్డ, చాలు. వేరుశనగ కాయ కొట్టే రోజుల్లో దుమ్ము ఎక్కువ, అప్పుడు తరచుగా తుడవాలి. కోతుల సమస్యకు ఇంకా మందు దొరకలేదు, జాలీ కట్టాం, దాని మీద కూర్చుంటున్నాయి.

బ్యాటరీ ఎప్పుడో ఒకప్పుడు మార్చాలి, ఆ డబ్బు ఎక్కడిది అన్నది గ్రామసభలో రెండుసార్లు వాయిదా పడింది. ఆర్వో క్యానుకు రూపాయి పెంచి ఆ రూపాయి వేరే ఖాతాలో వేద్దామన్నది పొదుపు సంఘం మాట, పంచాయతీ జనరల్ ఫండ్ నుంచి పెడదామన్నది సర్పంచ్ మాట. జనరల్ ఫండ్‌లో పెట్టిన డబ్బు మళ్ళీ కనపడదని సంఘం వాళ్ళు మొహం మీదే చెప్పారు. ఖాతా సంఘం పేరు మీద, పాసుపుస్తకం సచివాలయంలో, తీయాలంటే ఇద్దరి సంతకాలు, ఈ పద్ధతికి మొన్నటి సభలో ఒప్పుకున్నారు. క్యానుకు రూపాయా అర్ధ రూపాయా అన్నది వచ్చే సభకు పెట్టుకున్నారు. ఇంతలో పక్క తండా వాళ్ళు మా పంపు డ్రాయింగ్ జిరాక్స్ అడిగారు. వాళ్ళది సింగిల్ ఫేజ్ 3 హెచ్‌పీ మోటారు, ట్యాంకు 10,000 లీటర్లు, ఈ 15 పలకల లెక్క వాళ్ళకు పనికిరాదు. సబ్‌స్టేషన్ మాత్రం ఇదే, లాగ్‌బుక్ కూడా ఇదే, అక్కడి నుంచి మొదలుపెట్టాం.